ట్రౌట్ కండ రంగు వెంట కశ్మీర్‌లో తొమ్మిది రోజులు

మొదటి రోజు, శ్రీనగర్

మా బావకి ఆకివీడు దగ్గర చెరువులున్నాయి, రెండింటిలో రొయ్యలు, మిగతావాటిలో బొచ్చె, శీలావతి. పోయినేడు అక్కనీ పిల్లల్నీ తీసుకుని కశ్మీర్ టూర్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట. పహల్గామ్‌లో తిన్న ట్రౌట్ అనే చల్లనీటి చేప కండ తెల్లగా మన శీలావతిలా ఉందట, రెండ్రోజులాగి కొకర్‌నాగ్ దగ్గర తిన్నది నారింజ రంగులో ఉందట, రెండింటికీ పేరు ట్రౌటే, డబ్బులూ ఇంచుమించు అంతే. "ఒకటి ట్రౌట్ కాదురా, లేదంటే రెండోదానికి రంగేశారు" అని ఏ పెళ్లిలో కలిసినా నాతో వాదనే. నేను ఆరేళ్లుగా గాలం పట్టుకుని తిరుగుతున్నాను, దీని గురించి చదివింది కూడా ఉంది, కానీ చదివింది చెప్తే బావ నమ్మడు. చెరువు మనిషి కదా, చేతిలోకి తీసుకుని చూడాలి. అందుకే సెప్టెంబర్ మొదటి వారంలో, ట్రౌట్ సీజన్ ఇంకా ఉండగానే, ఇద్దరం హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా శ్రీనగర్ వెళ్లాం.

సామాన్లు గదిలో పడేసి సాయంత్రం అమీరా కదల్ వంతెన దగ్గరికి నడిచాం. అక్కడ ఆడవాళ్లు బేసిన్లలో చేపలు పెట్టుకుని అమ్ముతారు, మన ఊళ్ల చేపల మార్కెట్‌లో లాగానే బేరం, కేకలు. ఒక బేసిన్‌లో 'కాషిర్ గాడ' ఉంది, అంటే కశ్మీరీ చేప అని. ఇంగ్లీషులో దీన్ని స్నో ట్రౌట్ అంటారు, సగం అయోమయం ఇక్కడే మొదలవుతుంది. బావ ఒకదాన్ని తీసుకుని నోరు తెరిచి చూశాడు, మూతి దగ్గర మీసాలు చూశాడు, "ఇది మన కార్పు జాతే కదరా" అన్నాడు. నిజమే. ఇది బొచ్చె, శీలావతుల వంశంలోది, అసలు ట్రౌట్‌కి చుట్టం కూడా కాదు. అసలు ట్రౌట్‌ని గుర్తుపట్టడం తేలిక: వీపు రెక్కకీ తోకకీ మధ్య ఎముకల్లేని చిన్న మెత్తటి రెక్క ఒకటి వేలాడుతున్నట్టు ఉంటుంది, మూతికి మీసాలుండవు, నోట్లో పళ్లుంటాయి. కాషిర్ గాడ ఒకటి కొని మేమున్న ఇంట్లో వండించుకున్నాం. కండ తెల్లగా ఉంది.

రెండో రోజు, శ్రీనగర్, ఊరి బయట ఫారం

పొద్దున్నంతా పర్మిట్ల పని. ఇక్కడ ట్రౌట్ ఉండే ఏరుల్ని బీట్లుగా, అంటే ముక్కలుగా, విడగొట్టారు, ఏ రోజు ఏ బీట్ అనేది పర్మిట్‌లో రాసుంటుంది, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో, ఎంత సైజు పైన ఉంచుకోవచ్చో కూడా అందులోనే ఉంటుంది. అది చదువుకోకుండా నీళ్లలోకి దిగకండి.

ట్రౌట్ ఈ నేల చేప కాదన్న సంగతి బావకి తెలియదు. బ్రిటిష్ కాలంలో గుడ్ల రూపంలో ఓడల మీద ఇంగ్లండ్, స్కాట్లాండ్‌ల నుంచి వచ్చింది. 1899లో వచ్చిన మొదటి విడత దారిలోనే పాడైపోయింది, తర్వాతి ఏడాది రెండో విడత బతికి చేరింది. శ్రీనగర్‌లో తివాచీల ఫ్యాక్టరీ నడిపిన ఎఫ్.జె. మిచెల్ అనే ఆయన వాటిని పొదిగించి, పిల్లల్ని ఏరుల్లో వదిలే పని మొదలుపెట్టాడు. ముందు వచ్చింది బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో తర్వాత వచ్చింది. బ్రౌన్‌కి ఒంటి మీద ఎర్రచుక్కలు, చాలా వాటికి చుక్క చుట్టూ తెల్లటి అంచు. రెయిన్‌బోకి పక్కన పొడుగునా గులాబీ పట్టీ. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, పైన గులాబీ పట్టీ ఉందని లోపల కండ గులాబీగా ఉండాలని లేదు, చర్మం లెక్క వేరు, కండ లెక్క వేరు.

మధ్యాహ్నం ఒక ప్రైవేటు ఫారానికి వెళ్లాం. పొడుగాటి సిమెంటు తొట్లు, కొండ నుంచి వచ్చే చల్లటి నీళ్లు ఒక చివర దూకి ఇంకో చివర పోతున్నాయి. బావకి పండగే. ఆక్సిజన్ ఎంత, రోజుకి ఎన్నిసార్లు మేత, ఎన్ని నెలలకి అమ్మకం, అన్నీ అడిగాడు. మేత గుళికలు అరచేతిలో నలిపి వాసన చూసి, "చేప పొడి ఎక్కువుంది, సోయా ఉంది, నూనె పట్టించారు" అన్నాడు, పనివాడు నవ్వి అవునన్నాడు. రంగు మందు కలుపుతారా అంటే లేదన్నాడు. అక్కడే రెండు రెయిన్‌బోలు కొని కోయించాం. తెల్లటి కండ, కొంచెం బూడిద ఛాయ.

అప్పుడు చెప్పాను బావకి. ట్రౌట్ తన కండకి రంగు తనే తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. ఆ రంగు పదార్థం పేరు అస్టాక్సాంథిన్, క్యారట్‌లోని రంగుకి దగ్గర చుట్టం. నీటి నాచులాంటి వాటిలో ఈ రంగులు పుడతాయి, వాటిని తిన్న రొయ్య జాతి ప్రాణులు ఒంట్లో మార్చుకుని దాచుకుంటాయి, ఆ ప్రాణుల్ని తిన్న ట్రౌట్ కండలో పేరుకుంటుంది. ఫారంలో మేతలో అది లేకపోతే కండ తెల్లగానే ఉంటుంది, అంతే తప్ప చేపలో లోపమేం లేదు. యూరప్‌లో సాల్మన్, ట్రౌట్ పెంచేవాళ్లు మేతలోనే ఈ పదార్థం కలుపుతారు, కొనేవాళ్లకి ఎంత ఎరుపు కావాలో చూసుకోవడానికి పెయింటు షాపులో ఉండేలాంటి రంగుల కార్డు కూడా ఉంది, దాని పేరు సాల్మోఫ్యాన్, 20 నుంచి 34 దాకా నంబర్లుంటాయి. "కోడిగుడ్డు సొన ఎర్రగా రావడానికి కోళ్ల మేతలో బంతిపూల పొడి వేస్తారు చూడు, అలాంటిదా" అన్నాడు బావ. సరిగ్గా అలాంటిదే. దాన్ని మోసం అనడం నాకిష్టం లేదు, కండకి పులిమిన రంగు కాదది, చేప తిని ఒంటికి పట్టించుకున్న రంగు. కాకపోతే ఫలానా మేత పెట్టి పెంచామని అమ్మేవాళ్లు చెప్పాలి.

"సరే, మరి ఏట్లో దొరికేవి అన్నీ ఎర్రగా ఉండాలి కదా" అన్నాడు. రేపు చూద్దామన్నాను.

మూడో రోజు, లిద్దర్

పొద్దున 5 గంటలకి బయల్దేరి పహల్గామ్ దాటి అరూ వైపు వెళ్లాం. లిద్దర్‌కి రెండు పాయలు, శేష్‌నాగ్ నుంచి వచ్చేది ఒకటి, కొలహోయ్ హిమానీనదం నుంచి వచ్చేది ఇంకోటి, పహల్గామ్ దగ్గర కలుస్తాయి. మేం వెళ్లింది కొలహోయ్ పాయ మీదికి. నీళ్లు పాలు కలిపిన పచ్చ రంగులో, మోకాలి లోతులోనే కాళ్లు లాగేసేంత వడిగా ఉన్నాయి. చల్లదనం గురించి చెప్పక్కర్లేదు, పది నిమిషాలకి కాళ్లు ఉన్నాయో లేదో తెలియలేదు.

మా షికారీ (ఇక్కడ గాలం గైడ్‌ని అలానే పిలుస్తారు) అరవై దాటిన మనిషి, ఆయన్ని చాచా అనేవాళ్లం. గాలం వేసేముందు నేను చేసే పని ఒకటుంది, నీళ్లలోని రాళ్లు తిప్పి అడుగు చూడటం. బావ కూడా దిగాడు. రాయి అడుగున బల్లపరుపుగా అతుక్కుపోయిన మేఫ్లై పిల్ల పురుగులు, ఇసుక రేణువులు అతికించి గొట్టంలా గూడు కట్టుకున్న క్యాడిస్ పురుగులు. పది రాళ్లు తిప్పాం. రొయ్య జాతిది ఒక్కటి లేదు. ఇంత వడి నీళ్లలో, రాళ్లూ ఇసుకా తప్ప మొక్క మొలవని చోట అవి నిలవడం కష్టం.

11 గంటలకి ఒక పెద్ద బండ వెనక, నీరు కాస్త ఆగిన చోట, ఒక బ్రౌన్ ట్రౌట్ తగిలింది. మూడొందల యాభై గ్రాములుంటుంది. ఒడ్డునే కోశాం. పొట్టలో నల్లటి ముద్ద, వేలితో విప్పితే అన్నీ పురుగుల కాళ్లూ ఇసుక గూళ్లూ. కండ ఏనుగుదంతం రంగు, పాలలో చిటికెడు పసుపు వేసినట్టు. పురుగుల్లో కూడా రంగు పదార్థాలు కొన్ని ఉంటాయి, కానీ ఎక్కువ పసుపు వైపువి, ఎరుపు తెచ్చే అస్టాక్సాంథిన్ తక్కువ. బావ ఆ ముక్కని ఎండలో పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది నేను పోయినేడు పహల్గామ్‌లో తిన్నదే" అన్నాడు. ఫారం చేపో ఏటి చేపో ఇప్పుడెవరు చెప్పగలరు, కానీ అసలు ట్రౌట్ తెల్లగా ఉండొచ్చని మాత్రం ఒప్పుకున్నాడు.

ఉప్పు, కారం, ఆవనూనె పట్టించి చాచా కట్టెల మీద కాల్చి ఇచ్చాడు.

నాలుగో రోజు, కొకర్‌నాగ్

ఈ రోజు గురించి ఎంత రాసినా తక్కువే. నాగ్ అంటే కశ్మీరీలో నీటి ఊట, కొకర్ అంటే కోడి, కొండ మొదట్లోంచి ఊటలు కోడికాలి వేళ్లలా చీలి వస్తాయని ఆ పేరంటారు. మంచు కరిగి వచ్చే ఏరుకీ ఊట ఏరుకీ తేడా చెయ్యి పెట్టగానే తెలుస్తుంది. లిద్దర్ నీళ్లు కొరికాయి, ఇవి చల్లగా ఉన్నాయి, అంతే. ఊట నీరు ఏడాదంతా దాదాపు ఒకే చల్లదనంతో, అద్దంలా ఉంటుంది, అడుగున గుబురు గుబురుగా పచ్చటి నాచు, నీటి మొక్కలు. 1980ల్లో యూరోపియన్ సాయంతో కట్టిన పెద్ద ట్రౌట్ ఫారం కూడా ఇక్కడే ఉంది. మేం మాత్రం ఊట నీళ్లు కలిసే బ్రింగి ఏటి మీద మా బీట్‌కి వెళ్లాం.

గాలం తీయకముందే బావ ప్యాంటు మడిచి దిగి, గుప్పెడు నాచు పీకి నా టిఫిన్ డబ్బా మూతలో వేసి నీళ్లు పోశాడు. అర నిమిషం ఏం లేదు. తర్వాత నాచులోంచి చిన్న చిన్న ప్రాణులు బయటికి రావడం మొదలైంది. వడ్లగింజ కంటే కొంచెం పెద్దవి, బూడిద పచ్చ రంగు, పక్కకి పడుకుని ఒళ్లు ముడుస్తూ చాపుతూ ఈదుతున్నాయి. పన్నెండో పదమూడో ఉన్నాయి ఆ గుప్పెడు నాచులో. "రొయ్య పిల్లలురా!" అని అరిచాడు, చాచా ఉలిక్కిపడ్డాడు. రొయ్యలు కావు, గామరస్ అంటారు, రొయ్యల వర్గంలోవే. కానీ బావ అరుపులో తప్పేం లేదు, చూపుకి అలానే ఉన్నాయి.

నేను ఫ్లాస్క్‌లో వేడినీళ్లు తెచ్చుకున్నాను టీ కోసం. స్టీలు గ్లాసులో కొంచెం పోసి, నాలుగు గామరస్‌లని అందులో వేశాను. చూస్తుండగానే బూడిద రంగు పోయి నారింజ వచ్చేసింది. బావ గ్లాసు నా చేతిలోంచి లాక్కున్నాడు. ఇరవై ఏళ్లుగా రొయ్యలు పట్టించి ఉడికించి తిన్నవాడు, పచ్చి రొయ్య బూడిదగా ఉండి ఉడకగానే ఎర్రబడటం రోజూ చూసేదే, కానీ ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదన్నాడు. పచ్చిగా ఉన్నప్పుడు కూడా ఆ ఎరుపు పదార్థం దాని పెంకులో ఉంటుంది, ఒక ప్రోటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల నీలం, బూడిద రంగుల్లో కనిపిస్తుంది. వేడికి ప్రోటీన్ విడిపోతుంది, అసలు రంగు బయటపడుతుంది. ట్రౌట్ పొట్టలో అరిగినప్పుడూ ఆ రంగు విడిపోయి రక్తంలో కలిసి కండకి చేరుతుంది. అంటే ఇగురు గిన్నెలో కనిపించే ఎరుపే కొకర్‌నాగ్ ట్రౌట్ కండలోనూ ఉన్నది.

చేపలు రెండు పడ్డాయి. మొదటిది చిన్నది, నూట యాభై గ్రాములు కూడా ఉండదు, గాలం లోతుగా మింగేసి రక్తం కారుతుంటే బతకదని చాచా తీసేసుకోమన్నాడు, పర్మిట్ సైజు కంటే చిన్నదైనందుకు నాకు మనసు ఒప్పుకోలేదు, గట్టు మీద బీట్ కాపలాదారుకి చూపించి చెప్పాం. దాని కండ తెలుపే, అంచున లేత గులాబీ. రెండోది మధ్యాహ్నం దాటాక, ఏడొందల గ్రాముల బ్రౌన్. బావే గట్టుకి లాగాడు, చేతులు వణికాయి. కోస్తే పండిన గుమ్మడికాయ ముక్క రంగు. పొట్ట నిండా గామరస్‌లు, సగం అరిగినవి అప్పటికే నారింజగా ఉన్నాయి.

ఒకే నీరు, ఒకే తిండి, మరి చిన్నది ఎందుకు తెల్లగా ఉంది? చిన్న ట్రౌట్ తిన్న రంగులో కొంచెమే కండలో నిలుపుకోగలదు, పైగా ఒళ్లు వేగంగా పెరుగుతుంటే ఉన్న కాస్తా పలచబడుతుంది. సైజు వచ్చాకే రంగు పట్టడం మొదలవుతుంది. ఫారంలో పెరిగి ఏట్లోకి వదిలిన చేప అయినా అంతే, వచ్చిన కొత్తలో తెల్లగా ఉంటుంది, నెలల తరబడి ఇక్కడి తిండి తింటే గానీ మారదు. అందుకే ఒకే బీట్‌లో ఒకే రోజు పట్టిన రెండు చేపలు రెండు రంగుల్లో ఉంటాయి.

సాయంత్రం గట్టు మీద కూర్చుని నూన్ చాయ్ (ఇక్కడి ఉప్పు టీ) తాగుతుంటే బావ అడిగిన ప్రశ్న నన్ను ఆపేసింది. "మన బొచ్చె నీటిపైన తేలే సన్నపురుగుని తినే బతుకుతుంది కదరా, అదీ రొయ్య జాతిదే అంటున్నావు. మరి బొచ్చె కండ ఎందుకు ఎర్రబడదు?" చెరువు మనిషే అడగగలిగిన ప్రశ్న. తేడా తిండిలో లేదు, కండలో ఉంది. సాల్మన్, ట్రౌట్ కుటుంబంలో కండరాల ప్రోటీన్లు ఆ రంగుని పట్టుకుని ఉంచుకుంటాయి. కార్పు జాతి చేపల కండకి ఆ గుణం లేదు, వాటికి రంగు చేరితే చర్మానికే, అక్వేరియంలో గోల్డ్‌ఫిష్‌ని చూడండి. మొన్న శ్రీనగర్‌లో తిన్న కాషిర్ గాడ ఈ కొకర్‌నాగ్ నీళ్లలో పెరిగినా తెల్లగానే ఉంటుంది.

ఐదో రోజు

వాన. వెరీనాగ్ చూశాం, జహంగీర్ కాలంలో కట్టిన ఎనిమిది మూలల రాతి కొలను, నీలం నీళ్లలో చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి, అక్కడ పట్టకూడదు. రాత్రికి శ్రీనగర్.

ఆరో రోజు, ఏడో రోజు, నారానాగ్ నుంచి గంగబల్

నారానాగ్‌లో పాత రాతి గుళ్లున్నాయి, కశ్మీర్ రాజు లలితాదిత్యుడి కాలం నాటివంటారు, ఆరో రోజు అక్కడే పడుకున్నాం. ఏడో రోజు పొద్దున్నే ఎక్కడం మొదలు. మొదటి మూడు గంటలు పైన్ చెట్ల మధ్య నిట్టనిలువుగా ఎక్కుడే, బావకి మోకాళ్లు పట్టేశాయి, సామాన్ల గుర్రం మీద ఎక్కమంటే ఒప్పుకోలేదు. చెట్లు అయిపోయాక పచ్చిక, గుజ్జర్ల గొర్రెలు, ఎదురుగా 5,142 మీటర్ల హరముఖ్ శిఖరం. చీకటి పడేసరికి నుంద్‌కోల్ సరస్సు దగ్గర టెంట్ వేశాం. నిద్ర సరిగ్గా పట్టలేదు, ఆ ఎత్తులో నాకు ఎప్పుడూ అంతే.

ఎనిమిదో రోజు, గంగబల్

3,500 మీటర్ల పైన ఇంత పెద్ద సరస్సు ఉంటుందని ఫోటోలు చూసినా మనసుకి పట్టదు. ఇక్కడి బ్రౌన్ ట్రౌట్ కూడా మనుషులు వదిలిన వాటి సంతతే.

పొద్దున ఎనిమిదింటికి ఒకటి, పదిన్నరకి ఇంకొకటి పడ్డాయి, పర్మిట్ ప్రకారం రెండూ ఉంచుకోవచ్చు. మొదటిది అర కేజీ, ఇంకా గుడ్డుకి రాని వయసు. పొట్టలో పురుగులు తక్కువ, ఎర్రటి జావలాంటి ముద్ద ఎక్కువ. నీటిలో తేలే సూదిమొనంత ప్రాణులు అవి, రొయ్య వర్గంలోవే, ఎత్తైన సరస్సుల్లో ఎండ ఘాటుని తట్టుకోవడానికి చాలాచోట్ల ఒళ్లంతా ఎర్ర రంగు నింపుకుంటాయి. చేప కండ కొకర్‌నాగ్ దానికంటే ఎరుపు. లేత దానిమ్మ గింజల రంగు.

రెండోది దానికంటే పెద్దది, బరువైనది, పొట్ట ఉబ్బి ఉంది. బావ వేళ్లతో తడిమి "గుడ్డు మీదుంది" అన్నాడు. ముందే తెలిసుంటే వదిలేసేవాళ్లం, కానీ గాలం మొప్పలో దిగింది, వదిలినా బతికేది కాదు. కోస్తే లోపల రెండు సంచుల నిండా గుడ్లు, శనగగింజలో సగం సైజువి, నారింజ పూసల్లా మెరుస్తున్నాయి. కండ మాత్రం వెలిసిపోయి ఉంది. ఉతికి ఉతికి రంగు పోయిన గులాబీ చీర గుర్తొచ్చింది నాకు. ఒకే సరస్సు, ఒకే పొద్దు, ఆ ఎర్రచేప పక్కన పెడితే రెండు వేరు జాతులంటే ఎవరైనా నమ్ముతారు.

బావ ఏమీ మాట్లాడలేదు. పిల్ల చేపల కోసం తల్లి చేపలకి ఇంజక్షన్లిచ్చి గుడ్లు పిండించిన అనుభవం ఉన్నవాడు, ఆ గుడ్ల సంచిని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు అలానే ఉన్నాడు. బ్రౌన్ ట్రౌట్ అక్టోబర్ తర్వాత గుడ్లు పెడుతుంది. అంతకు ముందు నెలల్లోనే ఆడచేప తన కండలో ఏళ్లుగా దాచిన రంగుని గుడ్లకి పంపేస్తుంది. గుడ్డుకి, లోపలి పిల్లకి అది రక్షణగా పనికొస్తుందని శాస్త్రజ్ఞుల ఆలోచన. మగచేప కూడా ఆ రోజుల్లో కండలోని రంగుని చర్మానికి తెచ్చుకుంటుంది, పైన మెరుస్తుంది, లోపల పాలిపోతుంది. గుడ్లు పెట్టేశాక పట్టిన చేప కండ తెల్లగా, నీళ్లగా, రుచి లేకుండా ఉండేది అందుకే, అప్పుడు రంగూ లేదు, కొవ్వూ లేదు.

"తల్లి కదరా" అన్నాడు చివరికి, అంతే.

పుట్టుకతోనే తెల్లగా ఉండేవి కూడా ఉన్నాయని రాత్రి టెంట్‌లో చెప్పాను. ట్రౌట్ చుట్టాల్లో చినూక్ సాల్మన్ అని ఉంది, అలాస్కా, బ్రిటిష్ కొలంబియా సముద్రాల్లో మిగతా వాటితో కలిసి అదే తిండి తిని కూడా కొన్ని తెల్లకండతో ఉంటాయి, ఆ రంగుని ఒంట్లోనే విరగ్గొట్టే జన్యువులో తేడా వల్ల. బావ అప్పటికే సగం నిద్రలో ఉన్నాడు.

తొమ్మిదో రోజు, దిగుడు

నారానాగ్ చేరేసరికి మధ్యాహ్నం మూడు. టీ కొట్టు దగ్గర సిగ్నల్ రాగానే బావ అక్కకి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టి, లిద్దర్ తెల్లది, కొకర్‌నాగ్ నారింజది, గంగబల్ రెండూ, నాలుగు ఫోటోలూ పంపి ఒక్కొక్కటి వివరించాడు. "పోయినేడు రంగేశారన్నానే, వెయ్యలేదు, అదే తిని తెచ్చుకుంది" అన్నాడు. అక్క అన్నీ విని, "సరే గానీ, ఏది బాగుంది?" అంది.

ఆ రంగు పదార్థానికి దానంతట దానికి చెప్పుకోదగ్గ రుచి ఉండదు, రుచి కొవ్వులో, చేప తిన్న తిండిలో, గుడ్డు కాలమా కాదా అన్నదానిలో ఉంటుంది. బావ కొకర్‌నాగ్‌దే అన్నాడు, నూనె దిగుతూ మెత్తగా ఉందని. నేను లిద్దర్ తెల్లదే అన్నాను, గట్టి కండ, కట్టెల పొగ, ఆవనూనె. రెండేళ్ల క్రితం నేను కూడా ఆ తెల్ల చేపని చూసి తక్కువరకం అనుకునేవాణ్ణే, ఇప్పుడు ఎవరడిగినా దాన్నే ముందు చెప్తాను. కింద కంగన్ ఊరు చేరేదాకా ఇద్దరం అదే వాదించుకున్నాం, అక్క ఎప్పుడు ఫోన్ పెట్టేసిందో చూసుకోలేదు.